పాంక్రియాటిన్ క్యాప్సూల్: మందు మంచిదే, చెప్పాల్సినవి డబ్బా మీద లేవు

షుగర్ అనగానే అందరం ఇన్సులిన్ దగ్గరే ఆగిపోతాం. పాంక్రియాస్‌లో (పొట్ట వెనక ఉండే క్లోమగ్రంథి) ఇన్సులిన్ తయారయ్యే భాగం 1-2 శాతమే, మిగతాది దాదాపు అంతా తిన్నది అరిగించే ఎంజైమ్‌ల కోసమే ఉంది. ఆ ఎంజైమ్‌లు తయారుచేసే కణాలు బాగుండాలంటే పక్కనే తయారయ్యే ఇన్సులిన్ వాటికీ అందాలి, అది తగ్గి, పైగా షుగర్ వల్ల నరాలు కూడా దెబ్బతింటే కొందరిలో (అందరిలో కాదు) ఎంజైమ్‌లు తగ్గిపోతాయి. ఆ ఎంజైమ్‌లనే బయటి నుంచి అందించే మందు పాంక్రియాటిన్.

నా సంగతి ఏమిటంటే విరేచనంలో నూనె తేలేది, ఎన్ని నీళ్లు పోసినా జిగటగా అంటుకుని పోయేది కాదు, బరువు తగ్గుతూ వచ్చింది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్‌తోనూ విరేచనాలు అవుతాయి కాబట్టి డాక్టర్ ముందు మలంలో ఎలాస్టేజ్ (పాంక్రియాస్ నుంచి వచ్చే ఒక ఎంజైమ్) పరీక్ష రాశారు. గ్రాముకు 200 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్టు లెక్క, 100 లోపైతే బాగా ఎక్కువ లోపం. నీళ్లలాంటి శాంపిల్ ఇవ్వకండి, పలచబడి ఉత్తినే తక్కువ చూపిస్తుంది.

ఇక క్యాప్సూల్. విప్పి చూస్తే లోపల ఆవాలకంటే చిన్న గుళికలు ఉంటాయి, వాటి పూత పొట్టలోని ఆమ్లానికి కరగకుండా చిన్నపేగులోకి వెళ్లాకే కరుగుతుంది, అందుకే నమలకూడదు, నూరకూడదు. డబ్బా మీద 10,000, 25,000 అని ఉండేది లైపేజ్ (కొవ్వును అరిగించే ఎంజైమ్) యూనిట్లు. పెద్దవాళ్లకు భోజనానికి 40-50 వేలతో మొదలుపెట్టడం మామూలే, చిరుతిండికి అందులో సగం. నాకైతే నూనె తేలడం ఆగింది, బరువూ మళ్లీ పెరిగింది.

నా కోపమంతా డబ్బాలో పెట్టిన ఆ చీటీ మీదే. "భోజనంతో" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. మొదటి ముద్దతో ఒకటి, మధ్యలో ఒకటి వేసుకుంటేనే తిండిలో కలుస్తుంది, అంతా తిన్నాక వేసుకుంటే పెద్దగా లాభం ఉండదు. ఇంకోటి, తిన్నది సరిగా ఒంటబట్టడం మొదలయ్యాక షుగర్ పెరగొచ్చు, కొత్తల్లో గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోండి, ఇన్సులిన్ డోసు మార్చాలేమో డాక్టర్‌నే అడగండి. ఇది పంది పాంక్రియాస్ నుంచి తీసిన మందు, ఆ మాట కూడా భూతద్దం పెడితే గానీ కనిపించనంత చిన్న అక్షరాల్లో ఉంది. శాకాహారులకు ముందే చెప్పొద్దా?

5కి 4 ఇస్తాను. పొట్ట నెమ్మదిగా ఖాళీ అవడం వల్ల వచ్చే ఉబ్బరం మాత్రం దీనితో తగ్గదు, అదీ షుగర్ వల్లే వస్తుంది గానీ దాని మందు వేరు.