ఇరవై సీసాల నీళ్లు

ఫాల్‌అవుట్ 3 అనే వీడియో గేమ్‌లో మెగాటన్ అని ఒక ఊరు ఉంటుంది. ఊరి నడిబొడ్డున పేలకుండా మిగిలిపోయిన అణుబాంబు. దాన్ని పనికిరాకుండా చేస్తే మన ఖాతాలో 200 కర్మ కలుస్తుంది, కర్మ అంటే మన మంచిచెడులకు ఆట వేసే పాయింట్లు. ఒకడి దగ్గర డబ్బు తీసుకుని పేల్చేస్తే 1000 పోతుంది. దాహంతో కూర్చున్న బిచ్చగాడికి ఒక మంచినీళ్ల సీసా ఇస్తే 50 వస్తుంది. తెర మీద కర్మ పెరిగిందనో తగ్గిందనో మాత్రమే కనిపిస్తుంది, ఈ అంకెలు ఆడేవాళ్లు తవ్వి తీసినవి. లెక్క వేసుకోండి. ఊరిని బూడిద చేసిన పాపం ఇరవై సీసాలతో చెల్లు.

నేను చేశాను కాబట్టే చెప్తున్నాను. ఊరు లేచిపోయాక, ఇంకోచోట కూర్చునే బిచ్చగాడిని వెతుక్కుంటూ వెళ్లి, ఒక్కొక్క సీసా ఇస్తూ లెక్కపెట్టుకున్నాను. అంతకన్నా చిరాకు తెప్పించింది మోయ్రా. మెగాటన్‌లో అంగడి నడిపే ఆవిడ. బాంబు పేలినా చావదు. ఒళ్లంతా కాలి, చర్మం ఊడిపోయి, శిథిలాల పక్కన నిలబడి మామూలుగానే మాట్లాడుతుంది. తిట్టి ఉంటే బాగుండేది.

నేను తిరుపతిలో బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో రిసెప్షన్ చూస్తాను. ఎక్కువ నైట్ డ్యూటీలే. మంచి చేస్తావా చెడు చేస్తావా అని అడిగే ఆటలు 2010 నుంచి ఆడుతున్నాను. అందుకే ఇది ఏ ఒక్క ఆట గురించిన సమీక్షా కాదు. ఆ ఆటల్లో మూలన కూర్చుని మన బుద్ధికి మార్కులు వేసే మీటరు గురించి.

ఫాల్‌అవుట్ 3 నాకు దొరికిన తీరు కూడా చెప్పాలి. 2008లో ఎక్స్‌బాక్స్ 360లో దీన్ని మన దేశంలో విడుదల చేయడం లేదని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాల వల్ల అన్నారు గానీ, ఏ సున్నితత్వమో విడమరిచి చెప్పలేదు. ఆటలో రెండు తలల ఆవులు తిరుగుతుంటాయి, వాటిని బ్రాహ్మిన్ అని పిలుస్తారు. చాలామంది అదే కారణమై ఉంటుందనుకున్నారు. మాకు మాత్రం హాస్టల్లో స్నేహితుడి హార్డ్ డిస్కులో దొరికింది. కర్మ లెక్క రాసే ఆటను దొంగ కాపీలో ఆడితే మీటరు ఇసుమంత కూడా కదల్లేదు. ఉద్యోగం వచ్చాక, ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో సేల్ పెట్టినప్పుడు కొన్నాను లెండి.

అదే మెగాటన్‌లో ఆ బాంబునే దేవుడిగా కొలిచే గుడి ఒకటుంది. అక్కడ విరాళం వేసినా కర్మ పెరుగుతుంది. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి ఇది కొత్త లెక్కేం కాదు. ఏడాది పొడుగునా చేయాల్సినవన్నీ చేసి, కొండకు పోయి హుండీలో కట్ట వేసి, తేలికపడిన మొహంతో దిగివచ్చి రూము తాళం అడిగేవాళ్లను రోజూ చూస్తుంటాను. కానీ వాళ్లకు కూడా పాపం చెల్లిందని ఎక్కడా రాసి చూపించరు. ఆ అనుమానంతోనే మళ్లీ ఏడాది వస్తారు. ఆటలో ఆ అనుమానమే ఉండదు.

మా అవ్వవాళ్లది పుత్తూరు పక్క ఊరు. ఎండాకాలంలో ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగేది. పగలు హరికథ, రాత్రి నాటకం, చివర్లో మట్టితో చేసిన నిలువెత్తు కన్నా పెద్ద దుర్యోధనుడు. పందిట్లో అవ్వ ఒడిలో సగం నిద్రలో విన్న కథ ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ధర్మరాజు రథం నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచేదట. అశ్వత్థామ హతః అని గట్టిగా అని, కుంజరః అనే మాట గొంతులోనే మింగాడు. రథం నేలకు దిగింది. హరికథ దాసు ఆ మాట దగ్గర చిడతలు ఆపేసి కాసేపు ఊరుకునేవాడు. మీటరంటే అదీ. ఆ రథాన్ని మళ్లీ పైకి లేపడానికి ఏ బిచ్చగాడికి ఎన్ని సీసాలివ్వాలో ఎవరూ చెప్పలేదు.

మాస్ ఎఫెక్ట్ అని ఇంకో ఆట, మూడు భాగాలూ రెండేసి సార్లు పూర్తి చేశాను. అందులో మంచికి పారగాన్, నీలం. మొరటుతనానికి రెనెగేడ్, ఎరుపు. రెండోసారి ఎలాగైనా ఎరుపులోనే ఆడాలని పట్టుబట్టి మొదలుపెడితే, రెండు గంటలు గడవకుండానే అందరికీ సర్దిచెప్పే పెద్దమనిషినైపోయాను. నేనొక్కడినే కాదు. ఆ ఆట తీసిన బయోవేర్‌లో పనిచేసిన డిజైనర్ ఒకాయన 2020లో చెప్పిన మాట, సుమారు 92 శాతం మంది పారగాన్‌గానే ఆడారని. రెండో భాగంలో ఇంకో తిరకాసు. ఏదో ఒక రంగులో పాయింట్లు బాగా పోగైతే తప్ప కొన్ని గట్టి మాటలు అనడానికే వీలుండదు. కాబట్టి మొదటి రోజే ఒక రంగు పట్టుకుని, తర్వాత చూడకుండా అదే నొక్కుకుంటూ పోవడమే. ఎంచుకోవడం అక్కడితో అయిపోయింది.

బయోషాక్ అనే ఆట మీద నాకు వేరే కోపం. లిటిల్ సిస్టర్స్ అని చిన్నపిల్లలుంటారు. పిల్లను చంపి ఒంట్లోది పిండుకుంటే 160 యాడమ్. కాపాడి వదిలేస్తే 80. యాడమ్ ఉంటేనే మనకు కొత్త శక్తులు. మొదటి పిల్లను చేతుల్లోకి తీసుకున్నప్పుడు నిజంగానే టెన్షన్ పడ్డాను, వదిలేశాను, సగం నష్టపోయానని గర్వపడ్డాను కూడా. ముగ్గురిని వదిలాక ఒక టెడ్డీబేర్ వచ్చింది, దాంట్లో 200 యాడమ్. ముగ్గురిని చంపితే 480, కాపాడితే 440, పైగా టెడ్డీబేర్‌లో వేరే సరుకు కూడా ఉంటుంది. నలభై తేడాకు పిల్లల్ని చంపేవాడెవడు? త్యాగం అనుకున్నది కాస్తా ఫిక్స్‌డ్ డిపాజిట్ అయి కూర్చుంది.

రెడ్ డెడ్ రిడెంప్షన్ 2లో కూడా మీటరుంది, దాని పేరు ఆనర్. దారిన పోయేవాళ్లకు నమస్కారం పెడితే పెరుగుతుంది, పట్టిన చేపను నీళ్లలోకి వదిలినా కొంచెం పెరుగుతుంది. బాగా పెరిగితే కొట్లలో సరుకు సగం ధరకే. నేను తుపాకులు చవగ్గా కొనుక్కోవడం కోసం వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడ్డ ప్రతివాడినీ పలకరించుకుంటూ నడిచేవాణ్ని. ఎన్నికల ముందు కౌన్సిలర్ లాగా. (ఆట ఇంకా ఆడనివాళ్లు ఈ పేరా ఇక్కడితో వదిలేయండి.) కానీ ఆ ఆటలో మనం నడిపే మనిషి ఆర్థర్ చేసే అసలు పాపం మీటరు చేతిలో లేదు. అప్పు వసూలుకని పంపితే జబ్బుమనిషి థామస్ డౌన్స్‌ను పట్టుకుని కొడతాడు. అతను దగ్గితే నెత్తురు ఆర్థర్ మొహం మీద పడుతుంది. ఆ క్షయ ఆర్థర్‌కు అంటుకుంటుంది. కొట్టాలా వద్దా అని ఆట మనల్ని అడగదు. నూట ఇరవై గంటల ఆటలో నన్ను వెంటాడింది అదొక్కటే, అందులో నా ప్రమేయం లేదు.

ఇక పేపర్స్, ప్లీజ్ అనే ఆట. 2013లో లూకస్ పోప్ తీశాడు, 2022లో ఫోన్లలోకి వచ్చింది. నేను ఫోన్‌లోనే, నైట్ డ్యూటీలో, రాత్రి రెండూ నాలుగూ మధ్య ఆడాను. సరిహద్దు చెక్‌పోస్టులో కూర్చుని పాస్‌పోర్టులు చూడాలి. ఒక చేతికి పచ్చ ముద్ర, ఒక చేతికి ఎర్ర ముద్ర. సరిగ్గా చూసిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్లు. ఆ డబ్బుతోనే ఇంట్లో అద్దె, తిండి, వెచ్చదనం, కొడుక్కి మందులు. రోజుకు మొదటి రెండు తప్పులకు ఊరికే హెచ్చరిక చీటీ, మూడోది నుంచి జరిమానా. మంచికి చెడుకు మీటరనేది లేదు.

ఒకరోజు ఒకాయన వస్తాడు. కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి. వెనక నా భార్య వస్తోంది, కాస్త దయ చూపండి అని వెళ్తాడు. ఆవిడకు అనుమతి పత్రం ఉండదు, తిరిగి పంపితే చంపేస్తారంటుంది. మొదటిసారి పచ్చ ముద్ర కొట్టాను, చీటీ వచ్చింది, డబ్బులు పోలేదు. అప్పటి నుంచి ఒక దరిద్రపు అలవాటు పట్టింది. రోజుకు రెండు చీటీలు దయకోసం అట్టేపెట్టుకోవడం. రెండోసారి ఆట మొదలుపెట్టినప్పుడు ఆ రోజున నిద్రమత్తులో పేరులో ఒక అక్షరం చూసుకోక, ఇంకోచోట గడువు తేదీ చూసుకోక, రెండు చీటీలూ ముందే అయిపోయాయి. ఆవిడ వచ్చింది. ఎర్ర ముద్ర కొట్టాను. అయిదు క్రెడిట్ల కోసం.

మా లాడ్జిలో ఆధార్ లేకుండా రూము ఇవ్వకూడదు. ఆ నెలలోనే ఒక రాత్రి ఒంటిగంట దాటాక మదనపల్లె వైపు నుంచి ఒక ముసలాయన, భార్య వచ్చారు. "సంచీ బస్సులోనే వదిలేసినాం నాయనా, కార్డులన్నీ దాంట్లోనే ఉండాయి" అన్నాడు ఆయన. అవ్వ నా మొహం చూడకుండా కౌంటరు మీది గణేశుడి బొమ్మనే చూస్తోంది. రూము ఇవ్వలేదు. "తాతా, తెల్లారేదాకా ఇక్కడ సోఫాలో పడుకోండి" అని దుప్పటి ఒకటి తెచ్చిచ్చాను. ఆయన కింద పడుకుని ఆవిడకు సోఫా ఇచ్చాడు. పొద్దున సీసీటీవీ చూసి మేనేజరు, లాబీ ఏమన్నా ధర్మసత్రమా అన్నాడు. రెండు రూములు ఖాళీగా ఉన్నాయి ఆ రాత్రి. ఆ సంగతి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

కొనాలనుకునేవాళ్లకు: బయోషాక్‌లో కనిపించే ఊరికి, గోడలకు, వెలుతురుకు అయిదుకు నాలుగు, పిల్లల లెక్కకు ఒకటి. మాస్ ఎఫెక్ట్ మనుషుల కోసం ఆడండి, రంగుల కోసం కాదు. ఫాల్‌అవుట్ 3 మూడు. పేపర్స్, ప్లీజ్ అయిదు, తెలుగులో మాటలు లేకపోయినా ముద్ర కొట్టడానికి అంత ఇంగ్లీషు అక్కర్లేదు. నేను మాత్రం దాన్ని డ్యూటీకి తీసుకెళ్లడం మానేశాను. ఇప్పుడు ఆ రెండు గంటలూ క్యారమ్స్ ఆడుతున్నాను, అది కూడా కంప్యూటర్‌తో.