జీడీఎస్-2, ఓయాసిస్: ఏళ్ల తరబడి వాడాక

ఒక టూల్‌లో గీసిన చిప్ లేఅవుట్‌ను మరో టూల్‌లోకి చేర్చడం నా రోజువారీ పని. అందుకు వాడే ఫైల్ ఫార్మాట్లు మొదట జీడీఎస్-2, తర్వాత ఓయాసిస్; తనిఖీకి కేలేఅవుట్ అనే ప్రోగ్రామ్. చాలాకాలంగా ఈ మూడింటితోనే నెట్టుకొస్తున్నాను. తరలింపు చెడితే అందరూ ఫార్మాట్‌ను తిడతారు గానీ, నేను చూసినంతలో ఎక్కువసార్లు అసలు దోషి లేయర్ మ్యాప్ (చిప్‌లోని పొరల పేర్లను అంకెలతో జతచేసే జాబితా) ఫైలే.

జీడీఎస్-2ను 1970ల చివర్లో కాల్మా సంస్థ తెచ్చింది. అందులో బహుభుజులు, పాత్‌లు (మధ్యరేఖ, వెడల్పుతో చెప్పే తీగలు), టెక్స్ట్, సెల్ రిఫరెన్సులు (పేరుపెట్టి మళ్లీ మళ్లీ వాడే ముక్కలకు సూచనలు) ఉంటాయి. లేయర్ పేర్లు ఉండవు. పేరుకు బదులు ఒక అంకె, దాని పక్కన డేటాటైప్ అనే మరో అంకె. ‘మెటల్1 పిన్’ ఏ జంటగా మారాలో మ్యాప్ ఫైలు చెప్పాలి. ఆ ఒక్క వరుస లేకపోతే చాలా టూళ్లు ఆ లేయర్‌ను వదిలేసి, లాగ్‌లో ఎవరూ చదవని చోట ఒక హెచ్చరిక రాసి ఊరుకుంటాయి. తెర మీద బొమ్మ నిక్షేపంగా ఉంటుంది. ఎల్‌వీఎస్ (లేఅవుట్‌ను సర్క్యూట్ చిత్రంతో పోల్చే తనిఖీ) నడిపినప్పుడు పోర్టులు (బయటి కనెక్షన్ల చోట్లు) లేవని తెలుస్తుంది. పారామెట్రిక్ సెల్స్ (కొలతలు మార్చితే ఆకారం తానే మారే సెల్స్) సంగతి సరేసరి: అవతలికి ఆకారం వెళ్తుంది, ట్రాన్సిస్టర్ వెడల్పు మార్చుకునే వీలు ఇక్కడే ఉండిపోతుంది.

నన్ను బాగా వేధించినవి పాత్‌లు. గ్రిడ్ (బిందువులు పెట్టగల కనిష్ఠ అడుగు) 1 నానోమీటర్, పాత్ వెడల్పు 45 అనుకోండి. మధ్యరేఖకు అటూ ఇటూ 22.5 చొప్పున రావాలి, ఆ అర గ్రిడ్‌లో ఇమడదు. ఒక టూల్ పైకి సవరిస్తుంది, ఇంకొకటి కిందికి. ఫలితంగా ఎక్స్‌ఓఆర్‌లో (రెండు లేఅవుట్ల తేడాను మాత్రమే చూపే పోలికలో) పాత్ పొడవునా 1 నానోమీటర్ వెడల్పు చీలికలు. పాత్ చివరలది మరో తలనొప్పి. చివరను ఎంత పొడిగించాలో అంకెల్లో చెప్పే టైప్ 4ను కొన్ని పాత రీడర్లు పట్టించుకోవు. అప్పుడు తీగ పొట్టిదై, దాని చివరనున్న వయా (రెండు పొరలను కలిపే నిలువు కనెక్షన్) సగం బయటపడుతుంది. అందుకే బయటికి పంపే ముందు పాత్‌లన్నింటినీ బహుభుజులుగా మార్చేస్తాను. ఫైలు పెరుగుతుంది, పెరగనివ్వండి.

సెల్ పేర్లలో అక్షరాల తేడా కూడా చిన్న విషయం కాదు. చిన్న, పెద్ద అక్షరాలను ఒకటిగా చూసే టూల్‌కు ‘ఇన్వ్’ పేరుతో పెద్దక్షరాల సెల్ ఒకటి, చిన్నక్షరాల సెల్ ఒకటి ఇస్తే, రెండోది మొదటిదాన్ని మింగేస్తుంది. లైబ్రరీలు కలిపే ముందు ప్రతిదానిలోని సెల్ పేర్ల మొదట్లో వేరే గుర్తు తగిలించడం ఒక్కటే నాకు నమ్మకమైన మార్గం.

తనిఖీకి కేలేఅవుట్ మంచి తోడు. ఉచితం, ఓపెన్ సోర్స్, పెద్ద ఫైళ్లనూ తొందరగానే తెరుస్తుంది. పంపిన ఫైలునూ, అవతలి టూల్ తిరిగి రాసిన ఫైలునూ పక్కపక్కన పెట్టి ఎక్స్‌ఓఆర్ నడుపుతాను. మొదటిసారి సడలింపు అసలు ఇవ్వను. ముందే 1 నానోమీటర్ వదిలేస్తే పైన చెప్పిన చీలికలు కనిపించవు. అయితే ఎక్స్‌ఓఆర్ ఆకారాలనే పోలుస్తుంది, టెక్స్ట్ లేబుళ్లను చూడదు. ఫలితం ఖాళీగా వచ్చిందని సంబరపడేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. లేబుళ్ల కోసం కేలేఅవుట్‌లోని డిఫ్ టూల్‌ను విడిగా నడపాల్సిందే.

ఓయాసిస్‌కు సెమీ (చిప్ తయారీ పరిశ్రమ సంఘం) పీ39 ప్రమాణంగా 2004లో రూపం వచ్చింది. ఒకే ఆకారం పదేపదే వచ్చే లేఅవుట్లలో ఫైలు ఎంత తగ్గుతుందో చూసినవారు వెనక్కి వెళ్లరు. లేయర్‌కు పేరు పెట్టే వీలు కూడా ఉంది, కానీ అవతలి టూల్ ఆ పేరును చదివి వాడుకోవాలి కదా! చాలావరకు అక్కడా అంకెలతోనే పని నడుస్తోంది, అంటే మ్యాప్ ఫైలు బెడద తప్పలేదు. ఫ్లోలో (వాడే టూళ్ల వరుసలో) ఓయాసిస్ చదవలేని టూల్ ఒక్కటున్నా ఆ దశలో జీడీఎస్-2కు దిగక తప్పదు. నా ఫ్లోలో అలాంటిది ఇప్పటికీ ఒకటుంది.