వేడెక్కే కన్సోల్: రిపేరా, సెకండ్ హ్యాండా?

మా తమ్ముడి గేమ్ కన్సోల్ ఎండాకాలం వచ్చిందంటే చాలు మిక్సీలా మోగేది, ఇరవై నిమిషాలకే ఆఫ్. విప్పి చూస్తే చిప్ వేడిని లాగేసే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుపోయింది, ఆ వేడి హీట్‌సింక్‌కి అందేలా చిప్ మీద రాసే పేస్ట్ ఎండిపోయి సున్నం పెచ్చుల్లా రాలింది. మరి బాగుచేద్దామా, సికింద్రాబాద్‌లో కంప్యూటర్, ఎలక్ట్రానిక్స్ షాపులుండే సీటీసీకి వెళ్లి ఇంకోటి తెచ్చుకుందామా?

ఖర్చు: క్లీనింగ్, పేస్ట్ వరకే అయితే వందల్లో అయిపోద్ది. సెకండ్ హ్యాండ్ అంటే వేలు.

శ్రమ: రిపేర్‌కి ఓ ఆదివారం, సరైన స్క్రూడ్రైవర్లు, ఓపిక. కొనడానికి బేరం.

రిస్క్: అసలు చూడాల్సింది ఇదే. సోనీ ప్లేస్టేషన్ 5 (పీఎస్5)లో పేస్ట్ కాదు, కరెంట్ పారే లిక్విడ్ మెటల్ (ద్రవ లోహం) ఉంటది, అది బోర్డు మీద పడితే షార్టే, కాబట్టి తెలియకుండా హీట్‌సింక్ ఊడదీయొద్దు. సెకండ్ హ్యాండ్‌లో లోపల ఏం జరిగిందో పైకి కనపడదు, చిప్‌ని వేడిచేసి తాత్కాలికంగా బతికించి అమ్మేసినా మనకి తెలీదు, అందుకే షాపులోనే గంటసేపు బరువైన గేమ్ ఆడించి చూడండి. కొన్ని మోడళ్లకి పుట్టుకతోనే జబ్బు ఉంటది, 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 కన్సోల్ పాడైపోయి ఎర్ర లైట్లు వెలిగే గోల ఎంత ముదిరిందంటే 2007లో మైక్రోసాఫ్ట్ ఆ సమస్యకి వారంటీ మూడేళ్లకి పెంచింది.

దుమ్ము, పేస్టే సమస్యైతే రిపేరే చేయండి, మాది అలాగే బతికింది. క్లీన్ చేశాక కూడా ఆగిపోతుంటే, లేదా ఇదివరకే ఒకసారి చిప్ వేడిచేయించి ఉంటే, ఆ డబ్బులు వేరేదాని మీద పెట్టండి.