ఉప్పుగాలిలో మూడేళ్లు: గ్లాస్ ఫ్లేక్ ఎపాక్సీ

కాకినాడ దగ్గర సముద్రానికి కూతవేటు దూరంలో మా ఐసు ఫ్యాక్టరీ. షెడ్డు ఇనుప స్తంభాలకు ఏటా వానలకు ముందు రెడాక్సైడ్ కొట్టించి, పైన ఎనామిల్ వేయించేవాణ్ని. సంక్రాంతి నాటికి అది పెచ్చులు పెచ్చులుగా ఊడేది. విసిగిపోయి మూడేళ్ల కిందట గ్లాస్ ఫ్లేక్ ఎపాక్సీ అనే రంగుకు మారాను.

దీని బలమంతా ఎపాక్సీలో, అంటే ఆరాక గట్టిపడే జిగురులాంటి రెసిన్‌లో, కలిపే గాజు రేకుల్లో ఉంది. కొన్ని మైక్రాన్ల మందమే ఉండే ఆ రేకులు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. తేమ, ఉప్పు వాటి చుట్టూ తిరిగి తిరిగి గాని ఇనుమును చేరలేవు. స్కాట్లండ్‌లోని ఫోర్త్ రైలు వంతెనకు 2011లో ముగిసిన రంగుల పనిలో వేసింది ఈ రకం పూతే.

పోయిన నెల ఒక ఐసు డబ్బా తగిలి, స్తంభం మీద రెండు వేళ్ల వెడల్పున పూత లేచిపోయింది. నేను చూసేసరికి వారం దాటింది. గాయం ఎర్రగా తుప్పు పట్టింది. చుట్టూ అంచు కిందకి ఉలి దూర్చి లేపబోయాను. గోటి మందం ముక్క ఒకటి ఊడింది, ఆ తర్వాత ఉలి కదలలేదు. కింద ఇనుము తెల్లగా మెరుస్తోంది. ఎనామిల్ అయితే ఈపాటికి తుప్పు జానెడు పాకేది. నా డబ్బుకు న్యాయం జరిగిందని నమ్మింది ఆ రోజే.

అయితే ఖర్చు తక్కువేమీ కాదు. రంగు కన్నా ముందుగా కాపర్ స్లాగ్‌తో బ్లాస్టింగ్ (రాగి తీయగా మిగిలే గరుకు రేణువులను గాలితో చిమ్మి ఇనుమును శుభ్రం చేయడం) చేయించడానికే ఎక్కువైంది. అది మానేసి వైరు బ్రష్షుతో సరిపెట్టేవాళ్లు ఈ రంగు కొనకండి, డబ్బు దండగ. రేకులు బరువు కాబట్టి డబ్బా అడుగున గట్టిగా పేరుకుంటాయి. మా పెయింటరు మొదటి డబ్బాను కర్రతో కలిపాడు. అడుగున నాలుగు వేళ్ల మందం ముద్ద మిగిలిపోయింది. డ్రిల్లుకు కలిపే కడ్డీ బిగించి తిప్పితేనే పైకి వచ్చింది. స్ప్రే గన్నుకు పెద్ద నాజిల్ పెట్టాలి, లేకపోతే రేకులు అడ్డం పడతాయి.

రెండు లోపాలు కనిపించాయి. ఎండ తగిలే పడమటి వైపు వేలితో రుద్దితే తెల్లటి పొడి వస్తోంది. పైన ఎండను తట్టుకునే పాలీయూరథేన్ పూత వేయించకపోవడం నా తప్పు. బోల్టుల తలల దగ్గర, పదునైన అంచుల మీద పొర పలచబడి తుప్పు మొదలైంది. ఈ వేసవిలో ఐసు గడ్డకట్టించే ఉప్పునీటి ట్యాంకు (బ్రైన్ ట్యాంకు) బయటి గోడకు కూడా ఇదే వేయిస్తున్నాను. ఈసారి ముందు అంచులకు, బోల్టులకు బ్రష్షుతో ఒక పూత పెట్టాకే గన్ను పట్టుకోమని చెప్పాను.