జాగ్రత్త: డబ్బా మీద ‘సహజ కాంతి’, వెలిగిస్తే ఎరుపు మాయం

‘సహజ కాంతి’, ‘ఫుల్ స్పెక్ట్రమ్’ (అన్ని రంగులూ ఉన్న కాంతి) అని పెద్దక్షరాలతో రాసి అమ్మే ఎల్‌ఈడీ బల్బులు కొనేముందు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పెట్టగానే వెలుతురు తెల్లగానే వస్తుంది, వాట్లలోనూ తేడా ఉండదు. కానీ ఆ వెలుతురులో ఎర్ర బట్ట ఇటుక రంగుకి దిగిపోతుంది. మనుషుల మొహాలు పాలిపోయి కనిపిస్తాయి. కళ్లు పాడయ్యాయేమోనని కంగారు పడకండి, లోపం బల్బుది.

ఇందులో మోసపోవడం తేలిక, ఎందుకంటే మన చూపు తీరే అలాంటిది. కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం (కాంతి రంగు దీన్ని బట్టే ఉంటుంది) సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. రెటీనాలో రంగులు పట్టే శంకు కణాలు మాత్రం మూడే రకాలు. ఆ మూడూ ఎంతెంత స్పందించాయన్నదే మెదడుకు అందుతుంది, ఏయే తరంగదైర్ఘ్యాలు వచ్చాయన్నది అందదు. అందుకే నీలం, పసుపు రెండే తగుపాళ్లలో కలిపినా పగటి వెలుగులాంటి తెలుపే కనిపిస్తుంది. బల్బు వైపు చూసి అది మంచిదో కాదో చెప్పడం ఎవరి వల్లా కాదు. గుట్టు బయటపెట్టేది వస్తువు. ఎర్ర బట్ట తన మీద పడ్డ కాంతిలో ఎరుపును వెనక్కి పంపి మిగతాది చాలావరకు మింగేస్తుంది. పడిన కాంతిలో ఎరుపే కరువైతే అది పంపేదేముంది?

మామూలు తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు, సుమారు 450 నానోమీటర్లది. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. నీలంలో కొంత పూత దాటి వస్తుంది, మిగతాది పసుపుగా మారుతుంది, రెండూ కలిసి తెలుపు. 480 దగ్గర కాంతి తగ్గిపోయి గుంట పడుతుంది, 620 దాటాక ఎరుపు పలచబడిపోతుంది. ఎరుపును తగ్గించడం వెనక లెక్క కూడా ఉంది. కంటికి పగటిపూట అన్నిటికంటే కాంతిమంతంగా కనిపించేది 555 నానోమీటర్ల దగ్గరి, పసుపు కలిసిన ఆకుపచ్చ. అక్కడ ఒక వాట్ కాంతికి 683 ల్యూమెన్లు (కంటికి కనిపించే వెలుతురు కొలత) వస్తే, 650 దగ్గర అదే వాట్‌కి 73 మాత్రమే. ముదురు ఎరుపు కోసేస్తే ‘వాట్‌కి ఇన్ని ల్యూమెన్లు’ అన్న అంకె బాగా పెరుగుతుంది. డబ్బా మీద కనిపించేది ఆ అంకే.

సీఆర్‌ఐ (రంగులు ఎంత సరిగా కనిపిస్తాయో చెప్పే సంఖ్య) 80 అని ఉందిగా అంటారేమో. ఆ సంఖ్య 8 లేత రంగుల సగటు. ముదురు ఎరుపుకి కొలత ఆర్‌9, అది ఆ సగటులో ఉండదు. సీఆర్‌ఐ 80 ఉన్న బల్బుకి ఆర్‌9 సున్నా దగ్గర ఉండొచ్చు. సీఆర్‌ఐ 90 పైన, ఆర్‌9 50 పైన ఉందా అని అడగండి. ‘6500 కె’ అన్నది కాంతి చల్లగా ఉందా వెచ్చగా ఉందా అన్నదే చెబుతుంది, నాణ్యత గురించి ఏమీ చెప్పదు.

ఇంట్లోనే పరీక్షించొచ్చు. నల్ల అట్టలో 1 మిల్లీమీటరు వెడల్పు, 2 సెంటీమీటర్ల పొడవున్న చీలిక కోసి, నిలువుగా ఉండేలా బల్బు ముందు పెట్టండి. గది చీకటి చేసి, రెండు మీటర్ల దూరంలో పాత సీడీని మెరిసే వైపు పట్టుకుని, దాని కుడి అంచునో ఎడమ అంచునో చూస్తూ మెల్లగా వంచండి. రంగుల పట్టీ కనిపిస్తుంది. నీలం గీత కొట్టొచ్చినట్టు మెరిసి, పక్కనే చీకటి మచ్చ ఉండి, ఎరుపు కొస మసకబారితే ఆ బల్బు వద్దు. పోలికకి పాతకాలపు ఫిలమెంట్ బల్బు (ఎల్‌ఈడీది కాదు) చూడండి, పట్టీ ఎక్కడా తెగదు. ఎండని మాత్రం సీడీలో చూడకండి, కళ్లకు ప్రమాదం. సీడీ అంకెలు చెప్పదు, గుంటల్ని చూపిస్తుంది, అంతే. దాంతోపాటు ఒక ముదురు ఎర్ర బట్టని పగలు కిటికీ దగ్గర, రాత్రి బల్బు కింద చూడండి. పెయింట్ షేడ్, బట్టల మ్యాచింగ్ ఇలాంటి దీపం కింద ఖాయం చేయొద్దు. అక్కడ ఒకేలా కనిపించిన రెండు రంగులు పగటి వెలుగులో విడిపోతాయి.

మిణుకు కూడా చూసుకోవాలి. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాసిరకం డ్రైవరు (ఎల్‌ఈడీకి కరెంటు అందించే సర్క్యూట్) ఉన్న బల్బు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. లోపల కెపాసిటర్ లేకపోవడమో, చాలీచాలనిది పెట్టడమో కారణం. సూటిగా చూస్తే తెలియదు. బల్బు కింద పెన్సిల్‌ని గబగబా ఊపండి. ఒకే మసక మరకలా కాకుండా విడివిడి పెన్సిళ్లు కనిపిస్తే మిణుకు ఉన్నట్టే. తిరిగే యంత్రాల దగ్గర ఇలాంటిది అసలు పెట్టకూడదు, తిరుగుతున్న బ్లేడు ఆగినట్టు కనిపించే ప్రమాదం ఉంది.

ముందు ఒక్కటే కొనండి. ఈ పరీక్షలన్నీ వాపసు గడువులోపే చేయండి, అప్పటిదాకా బిల్లూ డబ్బా పారేయకండి.