చదువుకోనిచ్చిన ఊళ్ళు

మా శాఖా గ్రంథాలయానికి వారం సెలవు శుక్రవారం. ఊరంతా ఆదివారం కోసం ఎదురుచూస్తుంటే మేం గురువారం సాయంత్రమే సంచి సర్దుకోవచ్చు. దానికి ఒకటి రెండు క్యాజువల్ లీవులు కలిపితే చిన్న ప్రయాణం తేలిగ్గా కుదురుతుంది. రైల్లో, లాడ్జీల్లో రద్దీ కూడా తక్కువ.

గది తీసుకునే ముందు నేను అడిగేవి రెండే: మంచం పక్కన లైటు ఉందా, నడుం వాల్చి కూర్చునే కుర్చీ ఉందా. రోజంతా పుస్తకాలు అందరి చేతికీ ఇస్తూనే ఉంటాం కానీ డ్యూటీలో నాలుగు పేజీలు వరసగా చదవడం కుదరదు. అందుకే సెలవంటే నాకు నవల పూర్తిచేసుకునే సమయం. ఈ మధ్య తిరిగిన ఊళ్ళని ఆ లెక్కలోనే చెబుతున్నాను.

ముందు చీరాల వైపు. వేటపాలెంలోని సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంది. చాలామంది దాన్ని చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. పాత పత్రికల బైండ్లు చూడకుండా వస్తే మాత్రం వేటపాలెం చూసినట్టే కాదు. ఒక పాత సంచిక అడిగితే అక్కడి ఉద్యోగి బైండు తెచ్చి బల్ల మీద పెట్టారు. పేజీని మూల దగ్గర పట్టుకోకుండా, కింద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా తిప్పారు. కాగితం అంచులు బెల్లం రంగుకి తిరిగి పెళుసెక్కి రాలుతున్నాయి. రాలిన ముక్కల్ని కూడా ఆయన ఊడ్చెయ్యలేదు, ఏరి ఒక కవర్లో వేశారు. అదే పనిలో ఉన్నదాన్ని కాబట్టి ఆ ఓపిక విలువ నాకు తెలుసు. వెళ్ళేవాళ్ళు ఏ పత్రిక, ఏ సంవత్సరం కావాలో ముందే రాసుకుని వెళ్ళండి. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు ఎక్కువగా చీరాలలోనే ఆగుతాయి, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళొచ్చు.

బస బాపట్ల దగ్గర సూర్యలంకలో. శుక్రవారం ఉదయం తీరమంతా ఖాళీ. శనివారం మధ్యాహ్నానికి కార్లు దిగి, స్పీకర్లు మొదలయ్యాక ఇక చదువు సాగదు. ప్రశాంతత కావాలంటే శనివారం భోజనం అయ్యాక గది ఖాళీ చేసేలా చూసుకోండి. నా గదికి చిన్న వరండా, ప్లాస్టిక్‌దే అయినా చేతులున్న కుర్చీ ఉన్నాయి. దుప్పట్లు ఉతికినవే కానీ తేమ వాసన వచ్చాయి. సముద్రం పక్కన అది తప్పదేమో. అక్కడ చదివింది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి 'కొండపొలం'. 2019లో అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానా బహుమతి పొందిన నవల, తర్వాత సినిమాగా కూడా వచ్చింది. కరువులో మేతా నీళ్ళూ లేక గొర్రెల మందల్ని నల్లమలకి తోలుకెళ్ళే కాపరుల కథ. ఎదురుగా అంత నీళ్ళు పెట్టుకుని, గుక్కెడు నీళ్ళ కోసం మంద వెతుక్కునే పేజీలు చదువుతుంటే మధ్యలో పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. ఉద్యోగం కోసం తిరుగుతున్న కుర్రవాళ్ళు మా లైబ్రరీకి రోజూ వస్తారు. వాళ్ళకి నేను ముందు ఇచ్చే నవల ఇదే.

కడపలో దిగినవాళ్ళు సి.పి. బ్రౌన్ గ్రంథాలయాన్ని వదలకండి. పండితుల్ని పెట్టుకుని, తాళపత్ర ప్రతులు సేకరించి, పాఠాలు సరిచూయించిన బ్రౌన్ బంగళా ఉన్న చోటే అది కట్టారు. దాని వెనక జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి ఏళ్ళ తరబడి శ్రమ ఉంది. హాల్లో వెలుతురు బాగుంది, బల్లలు ఖాళీగా ఉన్నాయి.

అక్కడి నుంచి గండికోట. జమ్మలమడుగు దాటాక పదిహేను కిలోమీటర్లు. బస్సులు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణానికి ఆటో ముందే మాట్లాడుకోవాలి. పెన్న లోయ అంచున రాళ్ళ మీద ఎక్కడా కంచె లేదు, పిల్లలతో వెళ్తే చెయ్యి వదలొద్దు. ఎండ పదింటికే మండుతుంది. కోటలోని మాధవరాయ ఆలయం నీడలో మాత్రం హాయిగా కూర్చోవచ్చు. బండి నారాయణస్వామిగారి 'శప్తభూమి'ని అక్కడ చదివాను. పద్దెనిమిదో శతాబ్దపు రాయలసీమ నవల, 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. రాజులకంటే కింది కులాల మనుషుల మీద ఎక్కువ చూపు పెట్టిన చారిత్రక నవల కాబట్టి నాకు మరింత నచ్చింది. పాత్రలు చాలా, మొదటి యాభై పేజీలు ఓపిక పట్టాలి.

అన్నిటికంటే నాకు ఎక్కువ దక్కింది తంజావూరులో. చెన్నై ఎగ్మూరు నుంచి రాత్రి రైలు. స్లీపర్‌లో పెద్ద లైట్లు ఆర్పేస్తే ఇక చదవలేం, థర్డ్ ఏసీలో బెర్తుకో చిన్న లైటు ఉంటుంది. నేను డబ్బు ఎక్కువ పెట్టేది దానికోసమే. బస్టాండు ఎదురుగా తీసుకున్న మొదటి లాడ్జిలో ఒకే ట్యూబులైటు, అదీ తలుపు మీద. రాత్రంతా హారన్లు. మర్నాడే పెద్ద గుడి వెనక సందులో ఇంకో చోటికి మారాను. అద్దె కాస్త ఎక్కువైనా కిటికీ పక్కన బల్ల ఉంది, వేణ్ణీళ్ళు అడగకుండానే తెచ్చిచ్చారు.

పాత తాళపత్ర ప్రతులున్న సరస్వతీ మహల్ గ్రంథాలయం కోట లోపలే ఉంది. నాయక రాజుల కాలంలో మొదలై, మరాఠా రాజు రెండో శరభోజి చేతిలో బాగా పెరిగింది. యాత్రికులకి చూపేది ఒక చిన్న ప్రదర్శన హాలు మాత్రమే, అరగంటలో అయిపోతుంది. అది చూసి నిరాశపడకండి. వాళ్ళే అచ్చువేసిన పుస్తకాలు అమ్మే కౌంటరు దగ్గర తీరిగ్గా నిలబడండి.

ఆ సాయంత్రం మొదలుపెట్టింది మధురాంతకం నరేంద్రగారి 'మనోధర్మపరాగం'. 2022లో అకాడమీ అవార్డు పొందిన నవల, దేవదాసీ కుటుంబాల స్త్రీల బతుకులూ వాళ్ళ సంగీతమూ ఇందులో ఉన్నాయి. మర్నాడు ఉదయం పదమూడు కిలోమీటర్ల దూరంలోని తిరువయ్యారు వెళ్ళాను. త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, ఆమెదీ దేవదాసీ కుటుంబమే. తంజావూరు ఆస్థానంలోని ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము'ని 1910లో మళ్ళీ అచ్చువేయించింది కూడా ఆమే. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. మళ్ళీ వెలుగు చూడటానికి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. త్యాగరాజ సమాధి దగ్గరే నాగరత్నమ్మ సమాధి కూడా ఉంది. వచ్చేవాళ్ళలో చాలామంది అటు చూడకుండా వెళ్ళిపోతున్నారు. నవలలో అప్పటికి సగం దాటాను, ఆ మెట్ల మీదే ఇంకో అధ్యాయం చదివాను. ఎవరూ లేవమనలేదు.

పుష్య బహుళ పంచమి నాటి త్యాగరాజ ఆరాధన రోజుల్లో తిరువయ్యారులోనే కాదు, తంజావూరులో కూడా గది దొరకడం కష్టం. కచేరీల కోసమైతే చాలా ముందుగా బుక్ చేసుకోండి. చదువుకోవడానికైతే వానలు తగ్గాక ఫిబ్రవరిలో, అదీ వారం మధ్యలో వెళ్ళండి.