పైమట్టి తోలించుకున్నాం: 52 టిప్పర్లు, ఒక పంట తర్వాత నా మాట

మండపేట దగ్గర కాలువ కింద మాకున్న ఎకరం నిరుడు లేఅవుట్‌కి ఇచ్చేశాం. ఇష్టపడి ఇచ్చింది కాదు. మూడు వైపులా ప్లాట్లు పడ్డాక బోదె కాలువ పూడిపోయింది. మురుగు దిగే దారి లేక సార్వా (వానాకాలం పంట) వరుసగా రెండేళ్లు మునిగింది. వచ్చిన డబ్బులో కొంత పెట్టి రంగంపేట వైపు మెట్టలో రెండెకరాలు కొన్నాం. ఎర్ర నేల, ఒక బోరు. పాత చేనులో మట్టి కాళ్లకి అంటుకుని ఇంటిదాకా వచ్చేది. ఇక్కడ చెప్పులు దులిపితే పోతుంది.

లేఅవుట్ వాళ్లు మొదట చేసే పని గ్రావెల్ తోలి మెరక చేయడం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి కాలువ తెచ్చిన ఒండ్రు, మా తాత, నాన్న తోలిన పశువుల ఎరువు, ఏటా పచ్చిరొట్ట ఎరువుగా కలియదున్నిన జనుము, అన్నీ ఆ గ్రావెల్ కింద పడిపోతాయి. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. పై అర అడుగు మట్టి మేమే తీసుకెళ్తామని అడిగి అగ్రిమెంటులో రాయించాను. ఎవరైనా అమ్మేవాళ్లుంటే రిజిస్ట్రేషన్‌కి ముందే అడగండి. తర్వాత అడిగితే ఒప్పుకోరు, వాళ్లకి మెరక ఖర్చు పెరుగుతుంది.

ఇక మట్టి తోలిన సర్వీసు సంగతి. పొక్లెయిన్, టిప్పర్లు రెండూ ఉన్న ఒకతన్ని మాట్లాడుకున్నాం. దాళ్వా (రెండో పంట) కోతలయ్యి, కాలువలకి నీళ్లు ఆపేశాక, మే నెలలో పని పెట్టాం. నేల ఆరి ఉండాలి. తడిమట్టి తోలితే గడ్డకట్టి రాయిలా తయారవుతుంది. మట్టి తోలడానికి అనుమతి కాగితాలు అతనే తెచ్చాడు, ట్రిప్పు ట్రిప్పుకీ చీటీ ఇచ్చాడు. ఎకరం మీద అర అడుగంటే 21,780 ఘనపుటడుగులు. టిప్పరుకి 500 చొప్పున 44 ట్రిప్పులు రావాలి. తవ్విన మట్టి గుల్లబారుతుంది కాబట్టి 52 అయ్యాయి. ట్రిప్పు 3,500, పొక్లెయిన్‌కి 36,000, మొత్తం 2,18,000 రూపాయలు. బళ్లు చెప్పిన టైముకి వచ్చాయి. లోడు తక్కువ వేయడం నేను చూడలేదు.

రెండో రోజు మాత్రం పెద్ద పొరపాటు జరిగింది. నేను మెట్ట చేలో దింపుడు చూసుకుంటుంటే, పాత చేనులో పొక్లెయిన్ ఆపరేటర్ ఒక మూల అడుగున్నర దాకా దించేశాడు. కింద ఉండే జిగట మట్టి వచ్చేసింది. అది పైన పరిస్తే మొలక కూడా రాదు. ఆరు లోడ్లు దిగాక రంగు తేడా చూసి ఆపించాను. బళ్ల యజమాని సాయంత్రం స్వయంగా వచ్చి, "ఆయ్, తప్పు మాదేనండి బాబాయ్ గారూ" అని ఆ ఆరు లోడ్లూ సొంత ఖర్చుతో ఎత్తించేశాడు, లెక్కలో కలపలేదు. నేను ఈ సర్వీసుని మెచ్చుకోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

ఈ ఖర్చంతా రైతే ఎందుకు పెట్టుకోవాలన్నది నా బాధ. 2013 భూసేకరణ చట్టం 10వ సెక్షన్‌లో మంచి మాట ఉంది. నీటివసతి ఉండి రెండు మూడు పంటలు పండే భూమిని వేరే దారి లేనప్పుడే తీసుకోవాలి. తీసుకుంటే అంత విస్తీర్ణం సాగుకి పనికొచ్చే బంజరుని బాగు చేయాలి, లేదా ఆ భూమి విలువకి సమానమైన సొమ్ము వ్యవసాయం కోసం జమ చేయాలి. రైలు, హైవే, కాలువ లాంటి పొడవాటి పనులకి ఇది వర్తించదు. కోనసీమలో కోటిపల్లి-నరసాపురం రైలు మార్గం అలాంటిదే. మాలాగా లేఅవుట్‌కి అమ్ముకున్నా వర్తించదు. లేఅవుట్ వాళ్లు ప్రభుత్వానికి రుసుము కడితే చాలు, పోయిన ఎకరం బదులు ఎక్కడ పండుతుందని అడిగేవాళ్లు లేరు.

చైనాలో 1998లో సవరించిన భూమి చట్టం, సాగుభూమిలో కట్టడం కట్టేవాళ్లు అంతే విస్తీర్ణం, అంతే నాణ్యత ఉన్న భూమిని కొత్తగా సాగులోకి తేవాలంటుంది. పైమట్టిని తీసి ఆ కొత్త నేలకి వాడమని స్థానిక ప్రభుత్వం అడగొచ్చు కూడా. అక్కడా మంచి మాగాణి పోయి దాని బదులు నాసి నేల లెక్కలోకి వస్తోందన్న ఫిర్యాదు ఉంది. నాకది బాగా అర్థమవుతుంది. కాగితం మీద నాకు ఎకరానికి రెండెకరాలు వచ్చాయి. పాత చేనులో మారుటేరు స్వర్ణ సార్వాకి, మళ్లీ దాళ్వాకి ఇంకో వరి వేసేవాళ్లం. ఇక్కడ ఆ బోరుతో వరి మాట ఎత్తలేం. మట్టి తోలుకున్నాం గానీ నీరు తోలుకు రాలేం కదా.

అయినా తోలించినందుకు ఫలితం కనిపించింది. రెండెకరాల మీద మూడంగుళాల మందాన పరిచి, రోటవేటర్ వేసి, జీలుగు చల్లి కలియదున్నాం. తేడా చూద్దామని 20 సెంట్లు మట్టి వేయకుండా వదిలాను. మొక్కజొన్న మట్టి వేసిన 20 సెంట్లకి ఆరు క్వింటాళ్లు, వేయని చోట నాలుగు. తడి కూడా రెండు మూడు రోజులు ఎక్కువ నిలిచింది.

మా తోడల్లుడి అరెకరం కూడా లేఅవుట్‌లోకి పోతోంది. వచ్చే మే నెలకి ఈ సర్వీసుకే అడ్వాన్సు ఇచ్చాం. ఈసారి అర అడుగు లోతుకి గుర్తు కర్రలు పాతి, పని అయ్యేదాకా నేనే పొక్లెయిన్ పక్కన నిలబడతాను.